ఏమీ లేదన్న గుట్ట

పోయిన నెల మా వంటింటికి కొత్త బండ వేయించాల్సి వచ్చింది. నిజామాబాదులో మేముండే ఇల్లు పాతది. పొయ్యి పెట్టే చోటనున్న నల్లబండ నడుమ చీలిపోయి, ఆ చీలికలో పప్పు, పసుపు, చీమలు కలిసి కాపురం పెట్టాయి. మా ఆవిడ రెండేళ్ళు నోటితో చెప్పింది. మూడో ఏడు చెప్పడం మానేసి, చీమల మందు డబ్బా తెచ్చి నేను రాసుకునే బల్ల మీద పెట్టింది. నాకు అర్థమైంది. ఆటో మాట్లాడుకొని ఊరి బయట బండలమ్మే దుకాణానికి పోయాం. అక్కడ రాతి పలకలను పుస్తకాల్లాగా వరసగా నిలబెట్టి ఉంచారు. అన్నీ దుమ్ము కొట్టుకొని ఒకే తీరుగా ఉన్నాయి. దుకాణం మనిషి ప్లాస్టిక్ చెంబుతో ఒక పలక మీద నీళ్ళు చల్లాడు. బూడిద రంగు రాయి తడవగానే లోపలి నుంచి ఎర్రటి చుక్కలు పైకి తేలాయి. "తడి ఆరకముందే సూడుండ్రి అమ్మా. మచ్చ గిట్ల ఏమన్న ఉన్నదా?" అన్నాడు. మా ఆవిడ అరచేత్తో తడిమి చూసి "ఏం లేదు" అన్నది. నేను ఊరికే నిలబడలేక, ఈ రాయి ఎక్కడిదని అడిగాను. "మనదే సారూ, బోధన్ దిక్కుది. గా గుట్ట ఒడిసిపోయింది గిప్పుడు. మిగిలినయి గివే నాలుగు పలకలు" అన్నాడు. నూనె ఒడిసిపోయింది, చక్కెర ఒడిసిపోయింది అన్నట్టే అన్నాడు. బోధన్ దిక్కున గుట్టలు చాలా ఉన్నాయి, ఒడిసిపోయినవీ కొన్ని ఉన్నాయి. ఆ పలక నాకు తెలిసిన గుట్టదేనని చెప్పడానికి రుజువేమీ లేదు. రుజువు లేనిది నమ్మనివాణ్ణి కనుక కొనేశాం. నాకప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ ఏదో అనిపించిందని చెప్పలేను.

నేను బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేశాను. గానుగ సీజన్ మొదలైతే మా బట్టలు, మా అన్నం, మా నిద్ర అన్నీ చెరకు మడ్డి వాసన వేసేవి. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఆ వాసనకు ముక్కు మూసుకునేది. ఫ్యాక్టరీ మూతబడ్డాక, ఎక్కడైనా బెల్లం కాగుతుంటే ఆటో ఆపించి కాసేపు నిలబడేదీ ఆమే. ఉద్యోగం పగటి పని. నా అసలు పని సాయంత్రాలు, ఆదివారాలు. మాదొక చిన్న హేతువాద సంఘం. పదకొండు మందిమి ఉండేవాళ్ళం, అందులో ఇద్దరు ఎప్పుడూ పరస్పరం మాట్లాడుకునేవాళ్ళు కారు. ఊరూరా తిరిగి బాణామతి లేదని, పూనకం జబ్బని, నిమ్మకాయ కోస్తే కారేది నెత్తురు కాదని చెప్పేవాళ్ళం. పసుపు నీళ్ళలో సున్నం వేసి ఎర్రగా మార్చి చూపించడం నా వంతు. ఇంత పెద్ద పసుపు మార్కెట్టున్న జిల్లాలో పుట్టి పసుపు ఎర్రబడితే భయపడతారా అని అడిగేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు, తరువాత ఇంటికి పోయి ఎవరి దేవుడికి వాళ్ళు దీపం పెట్టుకునేవాళ్ళు. మేము నెలకోసారి ఒక పత్రిక కూడా వేసేవాళ్ళం. దాంట్లో నా వ్యాసాలు మంటల్లా ఉంటాయని మిత్రులనేవారు. వాళ్ళలో ఎక్కువమంది చదవకుండానే అనేవారని తరువాత తెలిసింది.

చెరకు పండిందో లేదో పొలానికి పోయి పరీక్షించి, నరకడానికి అనుమతి చీటీ రాయడం ప్రయోగశాల వాళ్ళ పనుల్లో ఒకటి. చేతిలో పట్టుకొని చూసే చిన్న దుర్బిణిలాంటి పరికరం ఉండేది. చెరకు మొదట్లోంచి ఒక చుక్క, కొసలోంచి ఒక చుక్క దాని అద్దం మీద వేసి వెలుగులోకి చూడాలి. రెండుచోట్లా తీపి దగ్గరగా వస్తే పండినట్టు. అలా ఒక పొలంలో నాకు అవ్వ పరిచయం. ఆ పొలం కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి చేసుకుంటున్న ఒక రైతుది. అవ్వ నాయకపోడు తెగ మనిషి. పొలానికి ఆవల గుట్ట కింద నలభై ఇళ్ళ గూడెం వాళ్ళది. చెరకు నరికే ముఠాకు ఆమె పెద్ద. అప్పటికే జుట్టు తెల్లబడింది, నడుం మాత్రం నిటారుగా ఉండేది. నేను పరికరం తీసి అద్దం తుడుచుకుంటున్నంతలో ఆమె ఒక గడ విరిచి, మొదలు ఒకసారి, కొస ఒకసారి కొరికి ఉమ్మేసి, "మొదట్ల మంచిగుంది. కొసకు సప్పగుంది. ఇంక ఎనిమిది దినాలు ఆగుండ్రి" అన్నది. నేను చూశాను. పరికరం కూడా అదే చెప్పింది. రైతు పగలబడి నవ్వి, "మాస్టారూ, జీతం అవ్వకిచ్చేసి మిమ్మల్ని నరకడానికి పంపితే ఫ్యాక్టరీకి లాభమండీ" అన్నాడు. అవ్వ నవ్వలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "గీ సారు నరుకుతడా? కొడవలి సారునే నరుకుతది" అన్నది. అప్పుడు మాత్రం అందరం నవ్వాం.

తరువాత చాలా సీజన్లు ఆ పొలాలకు పోయినప్పుడల్లా గూడెంలో ఆగేవాణ్ణి. అవ్వ నాకు బాగా నచ్చింది. పరీక్షించి చూసి మాట్లాడుతుంది, ఊహించి మాట్లాడదు. మా సంఘంలో పదకొండు మందిలో అలాంటివాళ్ళు ముగ్గురుంటే ఎక్కువ. గూడెం వెనక గుట్ట ఉండేది. వాళ్ళు దాన్ని గట్టు అనేవాళ్ళు. మరీ పెద్దదేం కాదు. ఏనుగు పడుకున్నట్టుందని రైతు అనేవాడు గానీ, నాకు బోర్లించిన గిన్నెలా కనిపించేది. దాని నిండా సీతాఫలం చెట్లు. వానాకాలం పోయాక గూడెం ఆడవాళ్ళు పండ్లు తట్టలకెత్తి బోధన్ అంగడికి తెచ్చేవాళ్ళు. గుట్ట అడుగున రాళ్ళ సందులోంచి నీళ్ళు ఊరేవి. మేకలు, గూడెం జనం, అప్పుడప్పుడు నేను ఆ నీళ్ళే తాగేవాళ్ళం. ఒకరోజు అలవాటు కొద్దీ అవ్వనడిగాను: "అవ్వా, గుట్ట మీద ఏమున్నది? దేవుడున్నడా, దేవతున్నదా?" అవ్వ మేకకు ఆకు వేస్తూ తలెత్తకుండా "ఏం లేదు" అన్నది. పక్కనున్న ముసలాయన్ను అడిగాను. "ఏం లేదు సారూ." నీళ్ళు ముంచుకుంటున్న కోడలు పిల్లను అడిగాను. "ఏం లేదు." నాకు ఒళ్ళు పులకరించింది. జిల్లా అంతా తిరిగినా నాకు దొరకనిది ఇక్కడ దొరికింది. గుట్ట ఉండి, దాని మీద దేవుడు లేని ఊరు.

ఆ వారమే కూర్చుని వ్యాసం రాశాను. 'దేవుడు లేని గూడెం' అని పేరు పెట్టాను. అక్షరం రానివాళ్ళు గుట్టను గుట్టగానే చూస్తున్నారనీ, అక్షరాలొచ్చిన మనం ప్రతి రాయికీ పసుపు పూస్తున్నామనీ రాశాను. సంఘంలో మాట్లాడుకోని ఆ ఇద్దరూ కూడా ఆ వ్యాసం బాగుందని నాతో విడివిడిగా చెప్పారు. చెరకు రైతు మా పత్రికకు చందాదారు. ఆ చుట్టుపక్కల ఒకే ఒక్క చందాదారు. ఆయన దాన్ని గూడేనికి పట్టుకుపోయి గట్టిగా చదివి వినిపించాడట. వాళ్ళు విని ఏమన్నారని అడిగితే, "ఏమంటారండీ, చాయ్ ఇచ్చారు" అన్నాడు.

మరుసటేడు తొలకరి పడ్డాక ఒక ఉదయం పోయేసరికి గూడెం ఖాళీగా ఉంది. మేకలు కట్టేసి ఉన్నాయి. నీళ్ళ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి గుట్ట మీదినుంచి ఒకరి వెనక ఒకరు దిగుతూ వచ్చారు. డప్పు లేదు, మాట లేదు. ఆడవాళ్ళ చేతుల్లో కడిగిన ఖాళీ గిన్నెలు, మొహాలకు పసుపు. వేరే నాయకపోడు గూడేల్లో కొయ్య మొహాలు తొడుక్కొని, డప్పులతో దేవరను ఊరంతా తిప్పుతారు. నేనెరిగినంతలో ఇంత చప్పుడు లేని పండుగ ఈ ఒక్క గూడెంలోనే ఉంది. నన్ను చూసి ఎవరూ తత్తరపడలేదు. అవ్వ నా పక్కన వచ్చి కూర్చుని కాళ్ళు కడుక్కున్నది.

"ఏం లేదంటివి గద అవ్వా?" అన్నాను.

"ఏం లేదు" అన్నది.

"మరి పైకెందుకు పోయిన్రు?"

అవ్వ నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "మీ ఇంట్ల బియ్యం అయిపోతే మీ ఆమె ఏమంటది?"

నిండుకున్నాయంటుందని చెప్పాను. మా అమ్మ కూడా అంతే. అయిపోయాయనే మాట వంటింట్లో అనకూడదు.

"మరి లేనిదాన్ని నిండినయంటరు మీరు. ఉన్నదాన్ని లేదంటం మేము. ఉన్నదని నోటితోని అంటే గది ఇంటది. ఇని లేసి పోతది. మావోడు ఎవడన్నా గట్ల అన్నడంటే వానికి గూడెంల ఎవ్వరు నీళ్ళు పొయ్యరు." ఇంత చెప్పి చుట్టూ చూసి, "గిప్పుడు గూడ నేనేమన్న అన్ననా? బియ్యం ముచ్చట చెప్పిన" అన్నది.

నేను వాదించాను. వాదన నా వృత్తి కంటే పాతది. వినే శక్తి ఉన్నదానికి చూసే శక్తి కూడా ఉంటుంది కదా, మీరు ఏటా గిన్నెలు పట్టుకొని పైకి పోతుంటే దానికి తెలియదా అని అడిగాను. అవ్వ ఆలోచించింది. "తెల్వకేంది? దానికి తెల్సు. మనకు తెల్సు. నోటితోని అనద్దు, గంతే" అన్నది. ఇంటికి వచ్చి ఆ రోజంతా గింజుకున్నాను. వ్యాసం తప్పని తేలిపోయింది. సవరణ వేయాలి. పురాణాల్లో తప్పులు చూపించి సవరించుకోండని నలభై ఊళ్ళలో మైకు పట్టుకున్నవాణ్ణి, నా వ్యాసానికి నాలుగు వాక్యాల సవరణ రాయలేకపోయాను. వచ్చే నెల రాద్దామనుకున్నాను. ఆ పత్రిక ఇంకో తొమ్మిదేళ్ళు నడిచింది.

ఈలోగా ఫ్యాక్టరీని ప్రైవేటు చేతుల్లో పెట్టారు. నేను దాన్ని వ్యతిరేకించలేదు. ఇది చెప్పుకోవాలి. కార్మిక సంఘం సభలో నిలబడి, మార్కెట్టుకు కులం లేదు, మతం లేదు, ముహూర్తం లేదు, అది లెక్క అడుగుతుంది, లెక్క అడిగేదాన్ని చూసి మనమెందుకు భయపడాలి అని మాట్లాడాను. వెనక వరుసలోంచి ఒకాయన "సారూ, గా లెక్కల మనం ఉన్నమా?" అని అరిచాడు. నవ్వులు. నేను కూడా నవ్వాను. కొన్నేళ్ళకు గానుగ ఆగింది. చెరకు పోయి వరి వచ్చింది, వరి కోతకు మిషన్లు వచ్చాయి. అవ్వ ముఠాలో ఇరవై కొడవళ్ళుండేవి. అవి చూరుల్లోకి పోయాయి. నేను నిజామాబాదు చేరి ట్యూషన్లు చెప్పుకున్నాను. గూడేనికి మిగిలింది గుట్ట. పండ్లు, మేకల మేత, నీళ్ళు. సర్కారు కాగితాల్లో ఆ గుట్ట పోరంబోకు. ఆ ఊరు గిరిజన ప్రాంతంగా గుర్తించినది కాదు కాబట్టి, అటువంటి చోట్ల ఉండే రక్షణ చట్టాలు వాళ్ళ దాకా రావు. కాగితం మీద ఆ గుట్ట ఎవరిదీ కాదు.

ఆ రాయికి బయట గిరాకీ ఉందని ఎవరికో తెలిసింది. ఒక కంపెనీ లీజుకు దరఖాస్తు పెట్టింది. ఊళ్ళో అభ్యంతరాలు వినే సభ పెడతారని రైతు నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మీరు రండి. చదువుకున్నోళ్ళు ఒకరుంటే మంచిది. గూడెం వాళ్ళు కూడా మిమ్మల్నే అడుగుతున్నారండీ" అన్నాడు. మధ్యాహ్నం బస్సుకు పోయాను. బడి ముందు షామియానా వేశారు. గూడెం నుంచి చాలామంది వచ్చారు, నేల మీద కూర్చున్నారు. అవ్వ ముందు వరసలో ఉంది. నన్ను చూసి చేత్తో పక్కన చోటు చూపించింది గానీ, నిర్వాహకులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. కంపెనీ మనిషి చాలా మర్యాదస్తుడు. తనే తిరిగి అందరికీ నీళ్ళ సీసాలు పంచాడు. అవ్వకు మూత కూడా తీసి ఇచ్చాడు.

సభ నడిపే అధికారి దగ్గర అచ్చు వేసిన కాగితం ఉంది. దాంట్లోని ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతున్నాడు. "గుట్ట మీద ఇండ్లున్నయా?" లేవు. "పట్టా భూములున్నయా?" లేవు. "గుడి గాని, దర్గా గాని, సమాధి గాని, మీరు కొలిచే జాగ గాని ఏమన్న ఉన్నదా?"

అందరూ నేల వైపు చూశారు. గూడెం పెద్దమనిషి లేచి తువ్వాలు భుజం మీదినుంచి తీసి, "ఏం లేదు సారూ" అన్నాడు.

అధికారి గుమాస్తా వైపు తిరిగి "రాయి" అన్నాడు. మన భాషలో రాయమనే ఆజ్ఞకూ గుట్టలో ఉన్నదానికీ ఒకటే మాట. ఇంతకుముందెప్పుడూ నాకది తట్టలేదు. గుమాస్తా రాశాడు.

అప్పుడు కంపెనీ మనిషి ఒక కాగితం పైకెత్తాడు. నా వ్యాసం జిరాక్సు. రైతు ఇచ్చి ఉంటాడు. దురుద్దేశంతో కాదు, మా మాస్టారు రాశారని గొప్పగా చూపించి ఉంటాడు. కంపెనీ మనిషి రెండు వాక్యాలు చక్కగా చదివి, "ఇంత మంచి తెలుగు ఈ మధ్యకాలంలో చదవలేదు సార్" అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు ఒక క్షణం సంతోషం కలిగింది. అధికారి నన్ను అడిగాడు: "ఇది మీరు రాసిందేనా?"

నేను లేచి నిలబడ్డాను. అవ్వ తలెత్తి నా వైపు చూసింది. గూడెం అంతా చూసింది. నేను చెప్పాల్సింది చిన్న మాట. వీళ్ళ నోట లేదంటే ఉందని అర్థం, ఏటా తొలకరికి వీళ్ళు పైకి పోతారు, నేను నా కళ్ళతో చూశాను. కళ్ళతో చూసింది చెప్పడం హేతువాదానికి విరుద్ధం కాదు. కానీ నిండు సభలో లేచి, గుట్ట మీద దేవత ఉందని నా నోటితో అంటే, ముప్పై ఏళ్ళు నేను తిరిగిన ఊళ్ళన్నీ నన్ను చూసి నవ్వుతాయనిపించింది. ఆ వాక్యాన్ని వేరే విధంగా కూడా చెప్పవచ్చునని, 'వీళ్ళు కొలుస్తారు' అంటే చాలునని, అది నా నమ్మకాన్ని ఏమీ చేయదని బస్సులో తిరిగి వచ్చేటప్పుడు తట్టింది. అప్పటికి మాత్రం "రాసింది నేనే" అన్నాను.

"అందుల తప్పేమన్న ఉన్నదా?"

"అప్పుడు విన్నది విన్నట్టు రాశాను."

దాంట్లో ఒక్క అబద్ధం లేదు. అధికారి తల ఊపి గుమాస్తాతో మళ్ళీ "రాయి" అన్నాడు.

సభ అయ్యాక అవ్వ, నేను రోడ్డుదాకా నడిచాం. నేనే అడిగాను: "అవ్వా, గంత అవసరం వచ్చినప్పుడన్న ఉన్నదని చెప్పరాదా?"

"మేమెట్ల చెప్తం?" అన్నది. గొంతులో కోపం లేదు. "మేం చెప్తే గది పోతది. అది పొయినంక గట్టు ఉంటెంది, లేకుంటెంది? నువ్వు చెప్తవనుకున్న. నువ్వు మావోనివి కాదు గద. నీకు పట్టింపు లేదు. నువ్వు అన్నా అది ఇనదు. గందుకే గూడెం పెద్దోన్ని అడిగి, రైతుకు చెప్పి ఫోన్ చేపిచ్చిన."

బస్సు వచ్చింది. "పైలంగ పో బిడ్డా" అన్నది. ఎక్కాను. ఆ షామియానా కింద ఉన్నదని అనడానికి వీలున్న మనిషిని నేనొక్కణ్ణే. అనలేని మనిషిని కూడా నేనే. ఆమె నన్ను ఎంచుకోవడంలో పొరపాటు లేదు. నేను వాళ్ళ కట్టుబాటుకు బయట ఉన్నానని లెక్క వేసింది, అది సరైన లెక్క. నాకూ ఒక కట్టుబాటు ఉంటుందని, నేనూ నోటితో అనకూడని మాట ఒకటుంటుందని ఆమెకు తెలిసే దారి లేదు. నాకే తెలియదు.

ఆ తరువాత జరిగినవి ఎవరైనా ఊహించగలరు. అందుకే వాటిని వివరంగా చెప్పాలనిపించడం లేదు. సీతాఫలం చెట్లు పోయాయి. రంపాలతో రాతిని పెద్ద పెద్ద దిమ్మెలుగా కోసి లారీల మీద తీసుకుపోయారు. ఉద్యోగాలన్నారు. యంత్రాల మీద పని తెలిసినవాళ్ళు దూర రాష్ట్రాల నుంచి వచ్చారు. గూడెం ఆడవాళ్ళకు రోడ్డు మీద దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే పని కొన్నాళ్ళు దొరికింది. నీళ్ళూరే చోటు ఎండిపోయాక ట్యాంకరు వచ్చేది. ఆ ట్యాంకరులోంచే బిందెలకూ, అందులోంచే దుమ్ముకూ. నేను కలెక్టరాఫీసుకు రెండు అర్జీలు రాశాను. ఒకదానికి జవాబు కూడా వచ్చింది. విచారణ నాడు గూడెం పెద్దలు, స్థానిక మేధావి ఒకరు ఏమీ లేదని ధ్రువీకరించారని దాంట్లో ఉంది. నన్ను మేధావి అని అచ్చులో అన్నది ఆ ఒక్క కాగితమే.

వంటింట్లో బండ వేసిన మూడో రోజున బోధన్ బస్సెక్కాను. ఎందుకని మా ఆవిడ అడగలేదు. ఎండ చల్లబడుతుండగా గూడెం చేరాను. అవ్వ పోయి రెండు వానాకాలాలైందట. అవ్వ బిడ్డ నన్ను గుర్తుపట్టి వాకిట్లో కుర్చీ వేసింది. గుట్ట ఉండే చోట గొయ్యి, గోతిలో పచ్చటి నీళ్ళు, చుట్టూ ముళ్ళ కంచె. తొలకరికి ఇప్పుడేం చేస్తారని అడగబోయి ఊరుకున్నాను. ఏ జవాబొచ్చినా, దాన్ని ఏ వైపునుంచి అర్థం చేసుకోవాలో నాకు తెలియదు. అమ్మ చివర్లో నన్నేమన్నా అన్నదా అని అడిగాను. "ఏమంటది? సారు బక్కోడు, మంచిగ తింటుండో లేదో అనేది" అని నవ్వింది. చాయ్ ఇచ్చింది. తాగుతుంటే ఎండ నేరుగా కళ్ళలో పడుతోంది. కుర్చీ జరుపుకున్నాను. మళ్ళీ పడింది.

"ఎటు జరిగినా గంతే సారూ" అన్నది అవ్వ బిడ్డ. "ఇదివరకు పొద్దు జల్ది గుంకేది. గట్టు అడ్డముండేది గద, గట్టు ఎనుకకు పొయ్యిందంటే పొయి రాజేసేటోళ్ళం. గిప్పుడు గుంకుతనే లేదు. పొయి ఎప్పుడు ముట్టియ్యాలెనో తెలుస్తలేదు."

నేను గడియారం చూసుకున్నాను. గుట్ట ఎత్తు, ఇళ్ళ నుంచి దాని దూరం గుర్తు తెచ్చుకొని మనసులోనే లెక్క కట్టాను. అలవాటు ఎక్కడికి పోతుంది? దాదాపు పావుగంట. గుట్ట పోయాక గూడేనికి రోజూ పావుగంట పొద్దు ఎక్కువ మిగులుతోంది. పొయ్యిలింకా వెలగలేదు. ఆడవాళ్ళు కళ్ళకు చేతులడ్డం పెట్టుకొని గడపల్లో కూర్చుని ఉన్నారు. ఆ పావుగంటను ఏం చేసుకోవాలో అక్కడ ఇంకా ఎవరికీ తెలియదు.